35 అంగుళాల మడ్ టైర్లతో చలికాలం గడిచిపోతుందా? సలహా కావాలి

ఎత్తుబండి (పోస్టు 1)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప రాయడం ఇదే మొదలు.

నా దగ్గర ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ ఉంది. రెండంగుళాలు ఎత్తు పెంచాను. కంపెనీ నుంచి వచ్చిన 265/70 ఆర్ 17 టైర్లు అరిగిపోయాయి. వాటి స్థానంలో 35x12.50 ఆర్ 17 మడ్ టెర్రెయిన్లు (బురద కోసం చేసిన టైర్లు, 35 అంగుళాల ఎత్తు, 12.50 వెడల్పు, 17 అంగుళాల రిమ్ము) వేద్దామని చూస్తున్నాను. ఇక్కడ నాలుగైదు నెలలు మంచే. అంత పెద్ద బ్లాకులు, మధ్యలో అంతంత ఖాళీలు ఉన్న టైరు మంచును బాగా పట్టుకుంటుంది కదా? పక్కన ఎం ప్లస్ ఎస్ అని రాసి కూడా ఉంది. అమ్మేవాళ్లు కూడా ‘ఇంకేం కావాలి’ అన్నారు. డబ్బు పెట్టే ముందు మీ అనుభవాలు చెప్పండి.

రబ్బరుబాబాయ్ (పోస్టు 2)

బాబూ, ముందు ఒక్క మాట. మన భాషలో ‘మంచు’ అని ఒక్క ముక్కలో అన్నీ కలిపేస్తాం. ఆకాశం నుంచి రాలే స్నో మంచే, రోడ్డు మీద అద్దంలా గడ్డకట్టిన ఐస్ మంచే, పొద్దున్నే కళ్లకు అడ్డం పడే పొగమంచూ మంచే. మనకు ఒకటే గానీ టైరుకు అవి వేరు వేరు. లోతైన స్నోలో మంచి పేరు తెచ్చుకున్న టైరు ఐస్ మీద పరువు తీస్తుంది.

నేను టైర్ల పనిలో చాలా ఏళ్లు ఉన్నాను. చలికాలంలో గుంటలోంచి లాగిన బండ్లలో మడ్ టైర్లవి తక్కువేం కాదు. చూడ్డానికి ట్రాక్టరు టైరులా భీకరంగా ఉంటుంది. ఐస్ మీదకొచ్చేసరికి పైన పటారం, లోన లొటారం. కారణం చెప్తాను. ఐస్ మీద పట్టు రెండింటి వల్ల వస్తుంది. ఒకటి, చలిలో కూడా మెత్తగా ఉండే రబ్బరు. రెండు, బ్లాకుల మీద కత్తితో కోసినట్టుండే సన్నని గాట్లు. వాటినే సైపులు అంటారు. ఒక్కో గాటుకు ఒక్కో అంచు, అలా వేల అంచులు ఐస్‌ను గీరుతూ పైనున్న పల్చటి నీటి పొరను తుడుస్తాయి. మడ్ టైరు బ్లాకు పెద్దది, గాట్లు తక్కువ. రాళ్ల మీద చిట్లకుండా ఉండాలి కాబట్టి రబ్బరు గట్టిది. చలి ముదిరేకొద్దీ అది ఇంకా బిగుసుకుపోతుంది.

ఇంతకీ నీ బండి రోజూ ఎక్కడ తిరుగుతుంది? అది చెప్పకుండా టైరు అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు.

లోతుమంచు (పోస్టు 3)

బాబాయ్ గారి మాట కాదనను గానీ అందరినీ ఒకే గాటన కట్టకండి. మోకాలి లోతు తాజా స్నోలో, ఎవరూ దారి తీయని చోట, మడ్ టైరు చేసే పని చిన్న చిన్న గాట్ల టైరు చేయలేదు. ఆ పెద్ద ఖాళీల్లో స్నో దూరి గట్టిపడుతుంది. స్నోను స్నో పట్టుకున్నంత బాగా రబ్బరు పట్టుకోదు. చక్రం తిరిగేకొద్దీ ఖాళీలు స్నోను విసిరేసి మళ్లీ కొత్తది పట్టుకుంటాయి. నేను 37 అంగుళాల మడ్ టైర్లలో గాలి 12 పీఎస్ఐకి దించి వెళ్లిన చోట్లకు వెళ్లలేక మామూలు వింటర్ టైర్ల బండి పొట్ట ఆనుకుని ఆగిపోయింది, కళ్లారా చూశాను.

ఎత్తుబండి (పోస్టు 4)

ఇద్దరూ చెప్పింది ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉంది, టెన్షన్ ఇంకా పెరిగింది 😅

బాబాయ్ గారూ, నేను వారానికి ఐదు రోజులు సుమారు 40 కిలోమీటర్లు పెద్ద రోడ్డు మీదే వెళ్తాను. స్నో తీసే బండ్లు వస్తాయి. కానీ తెల్లవారుజామున రోడ్డు నున్నగా మెరుస్తూ ఉంటుంది. చివర మూడు కిలోమీటర్లు మాత్రం మట్టి దారి. అక్కడ ఎవరూ స్నో తీయరు.

లెక్కలమాస్టారు (పోస్టు 5)

ఎత్తుబండి గారూ, మీ సమస్య 40 కిలోమీటర్లలో ఉంది. మీరు ఆలోచిస్తున్నది మాత్రం మూడు కిలోమీటర్ల గురించి.

చిన్న లెక్క. గంటకు 50 కి.మీ. వేగంలో బ్రేకు వేస్తే, పొడి రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.7 అనుకుంటే 14 మీటర్లలో ఆగుతారు. నలిగి గట్టిపడిన స్నో మీద అది 0.25 అయితే 39 మీటర్లు. ఐస్ మీద 0.1 అయితే 98 మీటర్లు. ఇది బ్రేకు పట్టిన తర్వాతి దూరం మాత్రమే. మీరు చూసి కాలు వేసేలోపు పోయే దూరం ఇందులో లేదు.

ఇప్పుడు టైరు మారిస్తే ఐస్ మీద పట్టు 0.1 నుంచి 0.13కి పెరిగిందనుకోండి. వినడానికి ఏమీ కాదు. కానీ ఆగే దూరం 98 నుంచి 76 మీటర్లకు పడిపోతుంది. ఇంకోలా చెప్తాను. మంచి టైరు బండి పూర్తిగా ఆగిపోయిన చోట, రెండో బండి ఇంకా గంటకు 24 కి.మీ. వేగంతో ముందున్న దాని మీదకు జారుతూ ఉంటుంది.

ఇంకో సంగతి. ఐస్ మైనస్ 20లో కన్నా సున్నా దగ్గర ఎక్కువ ప్రమాదం. సున్నా దగ్గర పైన నీటి పొర ఉంటుంది, అదే జారుడు. చలి తగ్గింది కదా అని ఊపిరి పీల్చుకున్న రోజే జాగ్రత్తగా ఉండాలి.

దూకుడుగేరు (పోస్టు 6)

ఇంత లెక్కలెందుకండీ, ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది కదా? నేను నాలుగు చలికాలాలు ఆల్ సీజన్ టైర్లతోనే తిరిగాను, ఏమీ కాలేదు.

రబ్బరుబాబాయ్ (పోస్టు 7)

తమ్ముడూ, ఫోర్ వీల్ డ్రైవ్ ఆరంభశూరుడు. బయల్దేరడానికే ఉంది. ఆపడానికి ఏ బండికైనా ఉన్నవి నాలుగు బ్రేకులే, ఆ నాలుగూ టైరు పట్టిన మేరకే పనిచేస్తాయి. పైగా ఫోర్ వీల్‌లో బండి సులువుగా కదిలిపోతుంది కాబట్టి రోడ్డు ఎంత జారుడో డ్రైవరుకు తెలియదు. టూ వీల్ వాడికి మొదటి మలుపులోనే బుద్ధొస్తుంది. మనకు బ్రేకు వేసినప్పుడు గానీ తెలియదు. అప్పటికి ఆలస్యం.

ఎం ప్లస్ ఎస్ సంగతి కూడా చెప్పేస్తాను. మడ్ ప్లస్ స్నో అని దాని అర్థం. ట్రెడ్ ఆకారాన్ని బట్టి, ఖాళీలు ఇంత శాతం ఉన్నాయని వేసుకునే గుర్తు అది. స్నోలో నడిపి చూసి ఇచ్చేది కాదు. నువ్వు వెతకాల్సింది మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు పువ్వు ఉన్న బొమ్మ. 1999లో వచ్చింది. నలిగిన స్నో మీద ఒక ప్రామాణిక టైరుతో పోల్చి, ముందుకు లాగే పట్టు కనీసం పది శాతం ఎక్కువుంటేనే ఆ గుర్తు. జర్మనీలో 2024 అక్టోబరు నుంచి ఉత్త ఎం ప్లస్ ఎస్ ఉన్నదాన్ని వింటర్ టైరుగా ఒప్పుకోవడమే మానేశారు.

లెక్కలమాస్టారు (పోస్టు 8)

బాబాయ్ గారు చెప్పింది నిజమే. కానీ ఆ కొండ గుర్తును కూడా మరీ నమ్మేయకండి. అందులో ఐస్ మీద బ్రేకు పరీక్ష లేదు. కొండ గుర్తున్న ఆల్ టెర్రెయిన్ (రోడ్డుకూ మట్టికీ రెండింటికీ చేసిన) టైరూ, అదే గుర్తున్న అసలు వింటర్ టైరూ ఐస్ మీద ఒక్కటి కావు. యూరప్ లేబుల్‌లో 2021 మే నుంచి ఐస్ పట్టుకు విడిగా ఇంకో గుర్తు పెట్టారు, అయితే అది కార్ల టైర్లకు. మన ఎల్టీ (లైట్ ట్రక్, అంటే పికప్‌ల) టైర్ల మీద కనబడదు.

పాతపికప్ (పోస్టు 9)

నా అనుభవం రాస్తాను. మూడేళ్ల కిందట నేనూ సరిగ్గా ఇదే చేశాను. 35 అంగుళాల మడ్ టైర్లు, పది ప్లై రేటింగ్ ఉన్న లోడ్ రేంజ్ ఇ, అంటే పెద్ద బరువులు మోయడానికి చేసిన గట్టి రకం. ఏ కంపెనీవో అనవసరం, తప్పు టైరుది కాదు, ఎంచుకున్న నాది. వెనక ట్రేలో ఏమీ లేదు. నెమ్మదిగానే వెళ్తున్నాను, 30 కూడా లేదు. ముందు సిగ్నలు ఎర్రబడింది, బ్రేకు తొక్కాను. ఏబీఎస్ టకటకమని కొట్టుకుంటోంది, బండి మాత్రం ఆగడం లేదు. స్టీరింగ్ తిప్పినా తలకాయ తిరగడం లేదు. ఎడమ పక్క స్నో కుప్ప ఉంది, దానిలోకి ఎక్కించి ఆపాను. ముందు బంపరు పోయింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు, అదే పదివేలు.

ఆ గట్టి పది ప్లై టైరు మోయాల్సినంత బరువు మోయకపోతే సాగదు, నేలకు పూర్తిగా ఆనదు. ఖాళీ పికప్ వెనక ఇరుసు మీద బరువే ఉండదు కదా. ఇప్పుడు చలికాలం వచ్చిందంటే ఇరుసుకు సరిగ్గా పైన ఇసుక సంచులు వేసి కదలకుండా కట్టేస్తాను. ట్రే తలుపు దగ్గర వేయకండి, ముందు చక్రాలు తేలికైపోయి స్టీరింగ్ ఇంకా పాడవుతుంది.

లోతుమంచు (పోస్టు 10)

సరే, పెద్ద రోడ్డు 40 అంటే నేనూ మెత్తబడ్డాను. మడ్ టైరు వద్దులెండి. కానీ 35 అంగుళాల ఆల్ టెర్రెయిన్ వేయొచ్చు కదా? కొండ గుర్తున్నవి చాలా ఉన్నాయి. బీఎఫ్ గుడ్రిచ్ కేఓ2, ఫాల్కెన్ వైల్డ్‌పీక్ ఏటీ3డబ్ల్యూ, టోయో ఓపెన్ కంట్రీ ఏటీ3. గుడ్‌ఇయర్ డ్యురాట్రాక్‌కైతే స్టడ్లు (ఐస్‌ను పట్టే చిన్న లోహపు మేకులు) కొట్టుకునే రంధ్రాలు కూడా ఉంటాయి. ఎత్తు వస్తుంది, మట్టి దారిలో డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో కిందికి ఉండే గేర్ల గుండు) స్నోకు తగలదు.

లెక్కలమాస్టారు (పోస్టు 11)

ఎత్తు ఎంత వస్తుందో చూద్దాం. 265/70 ఆర్ 17 మొత్తం వ్యాసం 31.6 అంగుళాలు. 35 వేస్తే తేడా 3.4, అందులో సగమే కిందికి పనికొస్తుంది. అంటే ఇరుసు లేచేది 1.7 అంగుళాలు. బండి ఎత్తు పెంచే కిట్టు ఇరుసును లేపదు, బాడీని లేపుతుంది. ఇది చాలామంది మర్చిపోతారు. 1.7 అంగుళాల కోసం స్పీడోమీటరు పది శాతం పైగా తప్పు చూపిస్తుంది. 100 అని చూపిస్తే నిజంగా 110 దాటి ఉంటారు. ఐస్ రోడ్డు మీద అది అబద్ధం చెప్పడం అస్సలు మంచిది కాదు. సరిచేయించుకోవచ్చు, కానీ గుర్తుండాలి.

వెడల్పు మాట కూడా చెప్పాలి. ఎల్టీ 285/70 ఆర్ 17, 255/80 ఆర్ 17 రెండూ దాదాపు 33 అంగుళాల ఎత్తే. రెండోది 30 మిల్లీమీటర్లు సన్నం. బరువు, గాలి ఒకటే అయితే నేలకు ఆనే వైశాల్యం రెండింటికీ ఇంచుమించు ఒకటే, ఆకారమే మారుతుంది. సన్నదానిది పొడవాటి పాదం, వెడల్పుది అడ్డపాదం. రోడ్డు మీద నాలుగంగుళాల చిత్తడి స్నో ఉంటే సన్న టైరు కోసుకుని కింద గట్టి నేలను పట్టుకుంటుంది. 12.50 వెడల్పుది దాని మీద తేలి అటూ ఇటూ ఊగుతుంది. అడుగే తగలనంత లోతుంటే మాత్రం తేలడమే కావాలి, అక్కడ లోతుమంచు గారే రైటు.

లోతుమంచు (పోస్టు 12)

హమ్మయ్య, ఒక్క చోటైనా గెలిచాను 😀 ఐస్‌లాండ్‌లో, అంటార్కిటికాలో తిరిగే ఆర్కిటిక్ ట్రక్స్ వాళ్ల బండ్లకు 44 అంగుళాల టైర్లు వేస్తారు. నోకియన్ టైర్ల కంపెనీ వాళ్లతో కలిసి హక్కాపెలీట్టా 44 అని ప్రత్యేకంగా చేయించుకున్నారు. మెత్తటి స్నో మీద గాలి మూడు నాలుగు పీఎస్ఐకి దించేస్తారు. అప్పుడు టైరు చపాతీలా పరుచుకుని తేలుతుంది.

దూకుడుగేరు (పోస్టు 13)

అయితే ఐస్ రోడ్డు మీద కూడా గాలి తగ్గించేస్తే పాదం పెద్దదై పట్టు పెరుగుతుందిగా? 20 పెట్టుకుని రోజూ తిరగొచ్చు.

రబ్బరుబాబాయ్ (పోస్టు 14)

వద్దు వద్దు, ఎవరూ అది చేయకండి. గాలి దించేది లోతు స్నోలో, నెమ్మదిగా పోయేటప్పుడు. రోడ్డు ఎక్కే ముందు మళ్లీ నింపాల్సిందే. తక్కువ గాలితో వేగంగా పోతే సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) వేడెక్కి లోపలే చీలిపోతుంది, మలుపులో రిమ్ము నుంచి ఊడినా ఊడుతుంది. గాలి నింపే కంప్రెసరు బండిలో లేనివాళ్లు గాలి తీసే ఆలోచనే పెట్టుకోవద్దు.

అసలు చలికాలంలో గాలి దానంతటదే తగ్గుతుంది. 20 డిగ్రీల షెడ్డులో 40 పీఎస్ఐ కొట్టించి, బయట మైనస్ 20లో నిలబెట్టు. తెల్లారేసరికి ముప్పై రెండున్నర ఉంటుంది. ఎక్కడా కన్నం లేదు, గాలి కుంచించుకుపోయిందంతే. బయట చల్లగా నిలబడ్డ బండికే కొలిచి నింపాలి. ఇంకొకటి, మామూలు టైరు నుంచి ఎల్టీకి మారితే, అదే బరువు మోయడానికి ఎల్టీ ఎక్కువ గాలి అడుగుతుంది. డ్రైవరు తలుపు దగ్గర రాసిన గాలి అంకె కంపెనీ ఇచ్చిన టైరుకు, కొత్తదానికి ఎంత బరువుకు ఎంత గాలో చెప్పే లోడు పట్టిక చూసుకోవాలి.

మంచుదారి (పోస్టు 15)

ఆలస్యంగా వచ్చాను. ఇంత చర్చలో అసలు వింటర్ టైర్ల గురించి ఎవరూ గట్టిగా చెప్పలేదేం? రోజూ ఐస్ మీద 40 కిలోమీటర్లంటే ఆల్ టెర్రెయిన్ రాజీ మాత్రమే. బ్లిజాక్, హక్కాపెలీట్టా ఎల్టీ3, వింటర్‌ఫోర్స్ ఎల్టీ లాంటివి పికప్‌ల కోసమే ఉన్నాయి. సరదా సంగతేమిటంటే, ఫిన్లాండ్‌లో 1934లో చేసిన మొట్టమొదటి వింటర్ టైరు కార్లకు కాదు, లారీలకే. కార్లది రెండేళ్ల తర్వాత వచ్చింది.

చిక్కు ఎక్కడంటే సైజు. కంపెనీ సైజుల్లో వింటర్ టైర్లు బోలెడు. 33 దాటితే తగ్గిపోతాయి, 35కి వెళ్తే ఎంచుకోవడానికి పెద్దగా మిగలదు. ముందే 35కి తగ్గట్టు బండి మార్చేసినవాళ్లు అక్కడే ఇరుక్కుంటారు. అందుకే నా సలహా: రెండో రిమ్ముల సెట్టు తీసుకుని చలికాలానికి కంపెనీ సైజులో అసలు వింటర్ టైర్లు వేయండి. 35 మోజు ఎండాకాలంలో తీర్చుకోండి. రెండు సెట్లూ సగం సగం అరుగుతాయి కాబట్టి డబ్బు పూర్తిగా వృథా కాదు. వేడి పెరిగాక మాత్రం వింటర్ టైర్లు వెంటనే తీసేయండి, రోజువారీ వేడి 7 డిగ్రీలు దాటాక ఆ మెత్తని రబ్బరు తారు మీద పెన్సిల్ చెరిపే రబ్బరులా అరిగిపోతుంది.

ఎత్తుబండి (పోస్టు 16)

ఇది నచ్చింది. మరి స్టడ్లు కొట్టించనా?

మంచుదారి (పోస్టు 17)

మీ దగ్గర చట్టం ఒప్పుకుంటుందా ముందు చూడండి. కొన్ని దేశాల్లో పూర్తిగా నిషేధం, కొన్నిచోట్ల కొన్ని నెలలకే. సున్నా దగ్గరి తడి ఐస్ మీద స్టడ్డును మించింది లేదు. ఐస్ లేని తడి తారు మీద మాత్రం అదే స్టడ్డు మిమ్మల్ని ఇంకాస్త ముందుకు జార్చుతుంది, మోత సరేసరి. కొట్టిస్తే కొత్త టైరుకే కొట్టించాలి. నడిచిన టైరు రంధ్రాల్లో ఇసుక, రాళ్లు దూరి ఉంటాయి, స్టడ్డు నిలవదు. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు మెల్లగా నడిపితే అవి కుదురుకుంటాయి. నాలుగింటికీ కొట్టించండి, ముందు రెండింటికే అంటే ముందు చక్రాలు పట్టుకుని బండి వెనక భాగం తిరిగిపోతుంది.

పాతపికప్ (పోస్టు 18)

కొనేటప్పుడు సైడ్‌వాల్ మీద చివరి నాలుగంకెలు చూడండి. 2323 అంటే 2023లో 23వ వారం తయారైంది. నాకు ఒకసారి ‘కొత్తవి’ అని ఇచ్చినవి ఆరేళ్ల పాతవి. ట్రెడ్ నిండుగానే ఉంది, రబ్బరు మాత్రం చెక్కలా ఉంది.

ఎత్తుబండి (పోస్టు 19)

ఏడు వారాల తర్వాత వస్తున్నాను. మంచుదారి గారి మాటే విన్నాను. 265/70 ఆర్ 17 ఎల్టీ వింటర్ టైర్లు, మామూలు ఇనుప రిమ్ములు, స్టడ్లు లేవు. వెనక ఇసుక సంచులు. ఎత్తు పెంచిన బండికి చిన్న టైర్లు చూసి స్నేహితులు ‘ఏనుగుకు మేక కాళ్లు’ అని నవ్వుతున్నారు.

రోడ్డు మీద తేడా మొదటి రోజే తెలిసింది. నిరుడు అరిగిన టైర్లతో నాకు భయం పుట్టించిన ఒక దిగుడు మలుపు ఉంది. అక్కడ ఏబీఎస్ ఇప్పుడు దాదాపు కొట్టుకోవడమే లేదు.

మట్టి దారిలో మాత్రం ఒకసారి ఇరుక్కున్నాను. రాత్రంతా కురిసి పొట్ట దాకా వచ్చింది. గాలి 18కి దించి, వెనక్కీ ముందుకీ ఊపుకుంటూ అరగంటలో బయటపడ్డాను. లోతుమంచు గారు నవ్వుకోండి.

ఒక సమస్య. నిన్నటి నుంచి 80 దాటితే స్టీరింగ్ విపరీతంగా అదురుతోంది. బ్యాలెన్సింగ్ పోయిందా?

రబ్బరుబాబాయ్ (పోస్టు 20)

మొన్న ఇరుక్కున్నావు కదా, రిమ్ము లోపలి వైపు చెయ్యి పెట్టి చూడు. స్నో కూరుకుని రాత్రికి గడ్డకట్టి ఉంటుంది. ఆ ముక్కంత బరువు ఒక పక్కే ఉంటే చక్రం అదరక ఏం చేస్తుంది. రాలగొట్టి, అప్పుడు చెప్పు.

ఎత్తుబండి (పోస్టు 21)

బాబాయ్ గారూ, నమస్కారం పెట్టాలి మీకు. ఎడమ ముందు చక్రంలో అరచేయంత గడ్డ, కుడి వెనకదానిలో ఇంకొకటి. తీసేశాను, ఇప్పుడు వెన్నలా పోతోంది. నేనైతే నాలుగు టైర్లూ మళ్లీ బ్యాలెన్స్ చేయించేవాడినే.

లోతుమంచు (పోస్టు 22)

నవ్వలేదండీ, 18కి దించి సొంతంగా బయటపడ్డారు, మా జట్టులో చేరిపోయినట్టే. ఆ మూడు కిలోమీటర్లకు చైన్లు (పట్టు కోసం టైరుకు చుట్టే గొలుసులు) ఒక జత ట్రేలో పెట్టుకోండి. ఎండాకాలం 35 వేస్తారుగా, వాటికి చైన్లు వేస్తే సస్పెన్షన్‌కు తగులుతాయి. కంపెనీ సైజుకైతే చోటుంటుంది.

ఎత్తుబండి (పోస్టు 23)

చైన్లు ముందు చక్రాలకా, వెనక చక్రాలకా?

లెక్కలమాస్టారు (పోస్టు 24)

నాలుగింటికీ వేస్తే మేలు. ఒక్క జతే ఉంటే బండి పుస్తకంలో ఏ ఇరుసుకని రాశారో చూడండి, ఒక్కో బండికి ఒక్కోలా ఉంటుంది. కొన్ని బండ్లలో ముందు చోటే ఉండదు. పొడి రోజున, పగటి వెలుతురులో, రెండుసార్లు వేసి తీసి అలవాటు చేసుకోండి. చీకట్లో, చేతులు కొంకర్లు పోతున్నప్పుడు ఆ కొక్కెం ఎటు తిరుగుతుందో ఎవరికీ గుర్తురాదు.